నేలతల్లి సేవకుడు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉత్తర కెరొలినా యను రాష్ట్రము కలదు. అందలి యాన్సన్ జిల్లాలో 1881వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన హ్యూ హామండ్ బెన్నెట్ జన్మించెను. తండ్రి ప్రత్తి పండించు రైతు. వానకు మన్ను కొట్టుకొనిపోకుండ పొలమునకు గట్లు వేయు పనిలో బాలుడు తండ్రికి తోడ్పడుచుండెను.

1903లో పట్టభద్రుడై, బెన్నెట్ ప్రభుత్వ వ్యవసాయ శాఖలో నేలల పరిశీలకుడుగా చేరెను. 1905లో వర్జీనియా రాష్ట్రమున ప్రక్కప్రక్కననే యున్న రెండు భూములను చూచెను. అడవిలోని మన్ను మెత్తగా, తేమ కలిగి యుండెను. దున్నిన పొలమున గట్టి బంకమన్ను మాత్రమే మిగిలియుండెను. రెండును ఒకప్పుడు ఒకే విధమైన నేలలు. ప్రతి వానకును పైమన్ను పలుచని పొరగా, ఎవరి కంటను పడక, జారిపోయినదని ఆతడు గ్రహించెను.

కాని 1909లో ఆతడు పనిచేయు శాఖయే, నేల తరుగని సంపద యని ప్రకటించెను. బెన్నెట్ దానిని అంగీకరింపలేదు. ఏండ్ల తరబడి పొలములు తిరిగి, మన్ను పరీక్షించి, 1928లో నేలకోత జాతికే ముప్పని తెలుపు పుస్తికను సహచరునితో కలిసి ప్రకటించెను. 1933లో ప్రభుత్వము నేలకోత నివారణ సంస్థను నెలకొల్పి, ఆతనిని అధిపతిగా నియమించెను.

ఆ కాలమున మధ్య మైదానములను కరవు పీడించుచుండెను. గోధుమపంటకై రైతులు అంతకుముందే పచ్చికబయళ్లను దున్నివేసిరి. మంటిని పట్టియుంచు వేళ్లు లేకపోగా, నేల ధూళిమేఘమై గాలిలోనికి లేచెను. 1934 మే నెలలో ఆ ధూళి అట్లాంటిక్ సముద్రమునందలి ఓడలపై రాలెను. మరుసటి వసంతమున బెన్నెట్ శాసనకర్తల యెదుట తన వాదము వినిపించు దినములలో, అది రాజధాని యాకాశమును కప్పెను. ఆతడు చిరకాలముగా చెప్పుచున్న దానిని వారు కన్నులార చూచిరి. 1935 ఏప్రిల్ 27వ తేదీన నేల సంరక్షణ శాసనము వెలసెను. 1951 వరకు ఆతడే ఆ శాఖకు అధిపతి.

వాలునకు అడ్డముగా దున్నుట, కోతానంతరము మోళ్లను పొలముననే విడుచుట, పైరులను పట్టెలుగా వేయుట, గాలికి అడ్డముగా చెట్లు నాటుట మొదలగు పద్ధతులను శాఖ రైతులకు నేర్పెను. రైతులే తమ ప్రాంతమున సంరక్షణ సంఘములుగా ఏర్పడిరి. 1937లో వెలసిన తొలి సంఘములలో నొకటి బెన్నెట్ పుట్టిన జిల్లాలోనిదే.

1960 జూలై 7వ తేదీన ఆతడు కన్నుమూసెను. అంగుళము మన్ను ఏర్పడుటకు వందల యేండ్లు పట్టును. అది పోవుటకు ఒక్క గాలివాన చాలును. ఈ సత్యమును ఒక జాతికి తెలియజెప్పుటకే బెన్నెట్ తన జీవితమును ధారపోసెను.