సర్ రొనాల్డ్ రాస్

తొలకరి చినుకులు పడగానే విశాఖ మన్యమునందలి జి.మాడుగుల, పాడేరు, చింతపల్లి ప్రాంతముల కొండలు పచ్చబడును. గెడ్డలు పొంగి పారును. ఆ వెనుకనే చలిజ్వరమును వచ్చును. పూర్వము మైదానమునుండి కొండనెక్కిన అధికారులును, సిపాయిలును, వర్తకులును ఈ జ్వరమునకు మిక్కిలి భయపడెడివారు. కొండగాలి సోకుటచే వచ్చునని కొందరును, కొండనీరు త్రాగుటచే వచ్చునని కొందరును తలచెడివారు. ఐరోపా వైద్యులకును ఇంతకంటె మిన్నగా తెలియదు. మలేరియా అను ఇటలీ మాటకు చెడుగాలి యనియే అర్థము. ఆ నిందను గాలిమీదనుండి తొలగించి దోమమీద నిలిపినవారిలో అగ్రగణ్యుడు రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు. ఆ పని జరిగినది మన సికింద్రాబాదునందే.

రాస్ కుమావూను కొండలలోని అల్మోడాలో 1857 మే 13వ తేదీన జన్మించెను. సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు దినములే యైనది. తండ్రి ఆంగ్ల సేనలో ఉద్యోగి, తరువాత సేనానియయ్యెను. ఎనిమిదవ ఏట బాలుని చదువునకై ఇంగ్లండు పంపిరి. ఆ బాలునకు చిత్రలేఖనము, సంగీతము, కవిత్వము, గణితము అన్నియు ఇష్టమే. వైద్యమొక్కటియే ఇష్టము లేదు. కాని తండ్రి మాట కాదనలేక లండనులోని సెంట్ బార్తలోమ్యూ వైద్యశాలలో చేరెను. అక్కడ రోగులకంటె పద్యములపైననే అతని మనస్సు లగ్నమైయుండెను. పరీక్షలలో ఒకపరి తప్పి, కొంతకాలము ఓడవైద్యుడుగా పనిచేసి, 1881లో భారత వైద్యసేవలో ప్రవేశించి మద్రాసు రాజధానికి వచ్చెను.

సైనిక వైద్యునకు ఆ దినములలో తీరిక హెచ్చు. రాస్ ఆ తీరికను రచనకు వినియోగించెను. ఆ కాలమున ఇంగ్లండులోని బాలుర పత్రికలు సముద్రయానములతోను, ద్వీపములతోను, సామ్రాజ్యపు టెల్లలలోని సాహసములతోను నిండియుండెడివి. గోర్డన్ స్టేబుల్స్ అను నౌకాదళ వైద్యుడు అట్టి కథలు వ్రాసియే పేరు పొందెను. రాస్ బాలుర రచయిత కాకపోయినను సముద్రము, తుపానులు అతని ఊహనుగూడ లాగినవి. ‘సముద్రపు బిడ్డ’ యని చెప్పదగిన నవల 1889లోను, ‘తుపాను ఆత్మ’ యని చెప్పదగినది 1896లోను వెలువడినవి. వానికి గొప్ప కీర్తి రాలేదు. వచ్చియుండినచో అతడు సూక్ష్మదర్శినిని ముట్టకయే పోయెడివాడేమో!

1894లో సెలవుపై లండను వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సను అను వైద్యుడు మలేరియా రోగి నెత్తుటిలోని సూక్ష్మజీవిని అతనికి చూపెను. ఆ జీవిని 1880లో లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు కనుగొనియుండెను. అది రోగి దేహమునుండి దోమలోనికి పోవుచుండవచ్చునని మాన్సను ఊహ. అయితే దోమ నీటిలో చచ్చి, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చునని ఆయన తలచెను. ఊహలో సగమే నిజము. ఆ సగమును పట్టుకొని రాస్ 1895లో సికింద్రాబాదు వచ్చెను.

తరువాతి రెండేండ్లును నిరాశయే. నెలలకొలది దోమలను పెంచుట, వానిచే రోగులను కుట్టించుట, పిదప కోసి చూచుట ఇదియే అతని పని. ఏ దోమలోను ఏమియు కానరాలేదు. అతడు పరీక్షించుచున్నవి మలేరియాతో సంబంధములేని జాతులని అప్పటికి తెలియదు. ఒకమారు కలరా వ్యాప్తిని అరికట్టుటకై బెంగుళూరు పంపిరి. 1897లో నీలగిరుల చెంత సిగూరు లోయలో తానే మలేరియా పాలయ్యెను.

ఆ యేటి ఆగస్టులో బేగంపేట సైనిక వైద్యశాలకు మచ్చల రెక్కలుగల దోమల పిల్లలు దొరకినవి. ఆ దోమ పేరు అనాఫిలిస్ అని అతడెరుగడు. 16వ తేదీన హుసేన్ ఖాన్ అను మలేరియా రోగిని పది దోమలచే కుట్టించెను. కాటునకు అణా చొప్పున అతనికి పది అణాలు ముట్టినవి. చరిత్రలు రాస్ పేరును పెద్ద అక్షరములతో వ్రాసినవి; జ్వరముతో వణకుచు చేయి చాచిన ఈ మనిషి పేరునుగూడ బాలలు మరువరాదు.

ఉక్కపోతలో పంకా వేయుటకు వీలులేదు. గాలికి కోసిన దోమలు ఎగిరిపోవును. చెమట తగిలి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. 20వ తేదీన అతడొక దోమ కడుపుగోడను పరిశీలించుచుండగా గుండ్రని కణములు కనబడినవి. వానిలో నల్లని రేణువులు! అవి మలేరియా జీవిలోని రేణువులవంటివే. మరునాడు కోసిన దోమలో ఆ కణములు ఇంకను పెద్దవైయుండెను. అనగా అవి దోమలో పెరుగుచున్నవన్నమాట. వైద్యుడు వెంటనే కవియై పద్యములు వ్రాసి భార్యకు పంపెను.

విజయము చేతికందిన సమయమున పై అధికారులు అతనిని రాజపుటానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసిరి. అక్కడ మలేరియా అరుదు. ఇంతకంటె వింత ఉత్తరువు వేరొకటి యుండునా? 1898లో కలకత్తా చేరిన పిదపగాని పని సాగలేదు. మలేరియా సోకిన పక్షులపై ప్రయోగములు చేసి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులలో చేరి కాటుతో ఆరోగ్యవంతమైన పక్షికి సంక్రమించునని జూలైలో నిరూపించెను. మనుష్యులలోను అట్లే జరుగునని ఇటలీలో గ్రాసీ బృందము అదే సంవత్సరమున చూపెను. ఘనత ఎవరిదను వాదము వారిద్దరి నడుమ చాలకాలము కటువుగా సాగెను. ఈ విషయమున రాస్ ఔదార్యము చూపలేదనియే చెప్పవలెను. 1902లో నోబెల్ బహుమానము అతనికొక్కనికే లభించినది.

1899లో అతడు భారతదేశము విడిచి లివర్పూలు వైద్య విద్యాలయమున చేరెను. ఆ విద్యాలయమునకు ఊతమిచ్చినవారు పశ్చిమాఫ్రికా వర్తకులు. సామ్రాజ్యము తన సిపాయిలను, వర్తకులను కాపాడుకొనుటకే ఈ జ్వరముతో పోరాడెను. మన్యపు గిరిజనుని తలపు దానికి తరువాతిది. అయినను తెలిసిన సత్యము అందరిదియు నయ్యెను. రాస్ గణితముగూడ ఇక్కడ పనికివచ్చినది. దోమలన్నిటిని చంపనక్కరలేదు, వాని సంఖ్యను ఒక హద్దునకు దించిన జ్వరము తనంతట తగ్గునని అతడు లెక్కకట్టి చూపెను. మన్యమున వానలకు ముందు ఇండ్ల గోడలపై మందు చల్లుటకును, దోమతెరలు పంచుటకును ఆధారము ఈ జ్ఞానమే. ఇక్కడి కొండగెడ్డలలో మెల్లగా పారు తేటనీటియందు పుట్టు అనాఫిలిస్ జాతియు ఉన్నది. కావున మురుగు నీటిని మాత్రమే చూచుకొనిన చాలదు.

1911లో సర్ బిరుదము పొందిన రాస్ నవలలమీది మోజును మాత్రము విడువలేదు. 1920లో మరియొకటి ప్రకటించెను. 1927లో కలకత్తాకు వచ్చి తన పరిశోధన జరిగిన వైద్యశాలలోని స్మారక ద్వారమును తానే తెరచెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో మరణించెను.