సింహాసనం కారు, ఎర్ర బస్సు, అడిక్‌మెట్ యూనివర్సిటీ



మీ ఇంట్లో కార్ల పిచ్చి ఉన్న పిల్లలుంటే పోర్షే 918 స్పైడర్ గురించి అడిగి చూడండి. 4.6 లీటర్ల పెట్రోల్ ఇంజన్, దానికి తోడు రెండు ఎలక్ట్రిక్ మోటార్లు, రెండూ కలిసి 887 హార్స్‌పవర్ అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. బ్రేక్ వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని కరెంటుగా మార్చి బ్యాటరీలో దాచుకునే హైబ్రిడ్ కారు అది. 2013-15 మధ్య 918 కార్లే తయారు చేశారు. అంత అరుదైన కారు కొన్నవాళ్లు దాన్ని ఎన్ని కిలోమీటర్లు నడుపుతారు? పిల్లలు సాధారణంగా అడగని ఈ ప్రశ్నకు మన ఊళ్లోనే వందేళ్ల నాటి జవాబు ఒకటి ఉంది. ఈ నెల మనం తెలుసుకోబోయే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జీవితంలో అది కనిపిస్తుంది.

ఆయన 1886లో పుట్టారు. 1911 ఆగస్టులో తండ్రి మహబూబ్ అలీ ఖాన్ చనిపోవడంతో పాతికేళ్ల వయసులో గద్దెనెక్కారు. తండ్రి ముచ్చటపడి ఆర్డర్ ఇచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆయన పోయాకే హైదరాబాద్ చేరి, కొడుకు చేతికి వచ్చింది. పసుపు రంగు బాడీని లండన్‌లోని బార్కర్ కంపెనీ తయారు చేసింది. వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చారు. అందుకే దానికి సింహాసనం కారు అని పేరు.

ఇంజనీరింగ్‌లో ఆ రోజులకు అదొక అద్భుతం. ఆరు సిలిండర్లు, 7.4 లీటర్ల ఇంజన్. అంటే పైన చెప్పిన స్పోర్ట్స్ కారు ఇంజన్‌కు ఒకటిన్నర రెట్లు పెద్దది. అయినా శక్తి మాత్రం యాభై హార్స్‌పవర్ దరిదాపుల్లోనే. ఇంజన్ నెమ్మదిగా, కుదుపు లేకుండా, దాదాపు చప్పుడే లేకుండా తిరగాలన్నది తయారీదారుల పట్టుదల. పేరులో దయ్యం చేరింది కూడా ఆ నిశ్శబ్దం వల్లే. 1907లో ఈ రకం కారును సుమారు 15,000 మైళ్లు నడిపి పరీక్షించారు. కానీ హైదరాబాద్ వచ్చిన సింహాసనం కారు కొన్ని దశాబ్దాల్లో తిరిగింది కొన్ని వందల మైళ్లే. ఊరేగింపులకు తప్ప అది బయటికి వచ్చేది కాదు.

1937లో అమెరికా పత్రిక టైమ్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా ముఖచిత్రం మీద వేసింది. అదే మనిషి నలిగిన షేర్వానీతో, పాత టోపీతో, పాత కారులోనే తిరిగేవారని చెబుతారు. కొన్న కార్లు చాలావరకు షెడ్లలోనే ఉండిపోయాయి.

ఆయన పాలనలో నిజంగా మైళ్లు తిరిగిన బండి వేరే ఉంది. 1932 జూన్‌లో నిజాం రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. మన ఆర్టీసీకి మూలం అదే. బస్సుల నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జెహ్రా బేగం గుర్తుగా వచ్చిందని ఈ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక మన పక్కనే ఉన్న ఉస్మానియా యూనివర్సిటీ. 1918లో స్థాపించి, మొదట ఆబిడ్స్‌లోని భవనాల్లో తరగతులు నడిపారు. క్యాంపస్‌కు అడిక్‌మెట్ స్థలం బాగుంటుందని ప్యాట్రిక్ గెడ్డెస్ సూచించారు. బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్ నమూనాలు గీశారు. గులాబీ రంగు గ్రానైటు రాయితో కట్టిన ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 డిసెంబరులో ప్రారంభమైంది.

ఇంతవరకే చెబితే పిల్లలకు సగం కథే చెప్పినట్టు. ఈ కట్టడాల ఖర్చు రాజ్యం ఖజానా నుంచి, అంటే జనం కట్టిన శిస్తుల నుంచి వచ్చింది. వాళ్లలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. యూనివర్సిటీలో బోధన ఉర్దూలో. భారతీయ భాషలో ఉన్నత విద్య అందించడం అప్పట్లో సాహసమే, కానీ పల్లెలో తెలుగులో చదువుకున్న పిల్లవాడికి ఆ గేటు దూరంగానే ఉండిపోయింది. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బయటికి పంపేశారు. ఆ ఉద్యమంలో ఉన్న పి.వి. నరసింహారావు నాగపూర్ వెళ్లి చదువుకోవాల్సి వచ్చింది. తర్వాత పల్లెల్లో దొరల వెట్టి మీద రైతులు తిరగబడ్డారు. రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. నిజాం వాళ్లను ఆపలేదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం రావడంతో ఆయన పాలన ముగిసింది. ఉస్మానియా బోధన ఇంగ్లిష్‌లోకి మారింది కూడా ఆ ఏడాదే. 1967 ఫిబ్రవరి 24న ఆయన కింగ్ కోఠిలో కన్నుమూశారు. అంతిమయాత్రకు జనం వెల్లువలా వచ్చారు.

మనం కూడా పిల్లల కోసం ఏదో ఒకటి కూడబెడుతూనే ఉంటాం. ఈ జీవితాన్ని ఆ కోణంలో ఒకసారి చూడండి. ఆయన ఒక్కరి కోసం ఉంచుకున్న కారు ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో చూసే వస్తువు. పదిమంది కోసం మొదలైన బస్సు ఇంకా తిరుగుతోంది. కొందరికి మూసుకున్న యూనివర్సిటీ గేటులోంచి ఈరోజు తెలంగాణ పల్లెల పిల్లలు వేలమంది లోపలికి వెళ్తున్నారు. ఆ గేటు తెరుచుకోవడానికి ఎంతోమంది పోరాడాల్సి వచ్చిందని కూడా మన పిల్లలకు తెలియాలి.

ఈ నెల ఒక ఆదివారం పిల్లలను చౌమహల్లాకు తీసుకెళ్లి ఆ కారు చూపించండి. ఇంజన్ గురించి వాళ్లనే మీకు వివరించమనండి. వీలైతే తార్నాక నుంచి బస్సులోనే వెళ్లి రండి.