పాకీజా చూడని సంగీతకర్త

1972 ఫిబ్రవరి 4న బొంబాయి మరాఠా మందిర్‌లో ‘పాకీజా’ విడుదలైంది. కొద్ది వారాల్లోనే ఆ పాటలు దేశమంతటా మార్మోగాయి. వాటిని స్వరపరిచిన గులాం ముహమ్మద్ సాహెబ్ మాత్రం అప్పటికే కన్నుమూసి నాలుగేళ్ళు కావస్తోంది.

ఆయన స్వస్థలం రాజస్థాన్‌లోని బికనీర్ ప్రాంతం. తండ్రి నబీ బఖ్ష్ పేరున్న తబలా విద్వాంసుడు. విద్య ఇంట్లోనే అబ్బింది. 1924లో బొంబాయి చేరిన ఈ యువకుడికి స్థిరమైన పని దొరకడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. తబలా, ఢోలక్ వాయించడంలో ఆయనకు సాటి లేరని పేరొచ్చాక నౌషాద్ తన సహాయకుడిగా తీసుకున్నారు. 1944లో ‘రతన్’ పాటలు ఇంటింటా వినిపించాయంటే ఆ ఢోలక్ దరువుకూ అందులో వాటా ఉంది. అయితే శ్రోతలకు తెలిసింది నౌషాద్ పేరే. సహాయకుల గతి ఎప్పుడూ అంతే కదా!

సొంతంగా సంగీతం చేసిన చిత్రాలూ తక్కువేమీ కావు. ‘షాయర్’, ‘పర్దేస్’, ‘అంబర్’, ‘లైలా మజ్నూ’ ఆయనవే. మట్టికుండ మీది దరువును సినిమా పాటలోకి తెచ్చిన తొలివారిలో ఆయన ఒకరు. ఇన్ని చేసినా, 1952లో వచ్చిన ‘ఆన్’ వరకు నౌషాద్ పక్కన సహాయకుడిగా కూర్చోవడానికి ఆయన నామోషీ పడలేదు.

1954లో సోహ్రాబ్ మోదీ తీసిన ‘మిర్జా గాలిబ్’ ఆయన స్థాయిని లోకానికి చూపింది. గాలిబ్ గజల్‌కు బాణీ కట్టడం కత్తి మీద సామే. వాద్యాల హోరు పెరిగితే మాట మరుగున పడుతుంది. గులాం ముహమ్మద్ వాద్యాలను వెనక్కి నెట్టి, సురయ్యా, తలత్ మహమూద్‌ల గొంతులను ముందు నిలిపారు. ప్రతి అక్షరం స్పష్టంగా చెవిన పడుతుంది. ఉర్దూ చదవడం రానివారికి కూడా ఆ గజళ్ళు నోటికి వచ్చాయంటే ఆ ఘనత ఈ బాణీలదే. ఆ చిత్రం ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం అందుకుంది.

ఇంత గెలుపు తర్వాత అవకాశాలు వెల్లువెత్తాలి. అలా జరగలేదు. 1961 నాటి ‘షమా’ తప్ప చెప్పుకోదగ్గవి అరుదు. చేతిలో ఉన్న పెద్ద చిత్రం ఒక్కటే, 1956లో కమాల్ అమ్రోహీ మొదలుపెట్టిన ‘పాకీజా’. తన జన్మభూమి బాణీ అయిన మాండ్‌ను అందులోకి తెచ్చారు. లతా మంగేష్కర్ చేత పాడించారు. ఇంతలో 1964లో కమాల్ అమ్రోహీ, మీనాకుమారి వేరుపడ్డారు. షూటింగ్ ఆగిపోయింది. పాటలు డబ్బాల్లో ఉండిపోయాయి. 1968 మార్చి 17న గులాం ముహమ్మద్ మరణించారు.

షూటింగ్ మళ్ళీ మొదలైనప్పుడు, సంగీతం పాతబడిందని, మార్చమని కమాల్ అమ్రోహీకి సలహాలు వచ్చాయంటారు. ఆయన ఒప్పుకోలేదు. నేపథ్య సంగీతాన్ని మాత్రం నౌషాద్ పూర్తిచేశారు. ఒకప్పటి సహాయకుడి పనిని ఉస్తాదు ముగించారన్నమాట!

1973లో ఫిల్మ్‌ఫేర్ సంగీత బహుమతి ‘బేఇమాన్’ చిత్రానికి శంకర్ జైకిషన్‌లకు దక్కింది. జైకిషన్ కూడా 1971లోనే పోయారు కనుక, పోయినవారికి ఇవ్వరనే సాకు ఇక్కడ చెల్లదు. అదే ‘బేఇమాన్’లో నటనకు తనకు వచ్చిన బహుమతిని ప్రాణ్ నిరాకరించారు. సంగీత బహుమతి గులాం ముహమ్మద్‌కే రావాలన్నది ఆయన అభిప్రాయం. సొంత చిత్రానికి వచ్చిన గౌరవాన్ని మరొకరి కోసం వదులుకునేవారు ఎందరుంటారు?

‘పాకీజా’ కోసం రికార్డు చేసి చిత్రంలో వాడని పాటలు 1977లో ‘పాకీజా రంగ్ బరంగ్’ అనే రికార్డుగా వెలువడ్డాయి.