పేకముక్కలకు పురాణం నేర్పిన ప్రభువు

పేకముక్కలనగానే నేడు మనకు ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు గుర్తుకు వస్తాయి. ఈ అచ్చుముక్కలు ఊరూరా వ్యాపించక పూర్వం మన దేశంలో గంజీఫా అనే ఆట ఉండేది. గుండ్రని ముక్కలపై చేతితో బొమ్మలు వేసేవారు. బాబరు 1527లో సింధు పాలకునికి గంజీఫా ముక్కలు పంపినట్లు తన స్మృతులలో వ్రాసుకున్నాడు. మొగలాయి ఆటలో 8 రంగులు, 96 ముక్కలు. హిందూ సంప్రదాయపు దశావతార గంజీఫాలో 10 రంగులు, 120 ముక్కలు. ప్రతి రంగుకు ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుండి పది వరకు అంకెల ముక్కలు ఉంటాయి. ఆ ఆటను మరెవ్వరూ పెంచనంతగా పెంచినవాడు మైసూరు ప్రభువు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు.

ఆయన 1794 జులై 14న శ్రీరంగపట్టణంలో జన్మించాడు. పసితనంలోనే తండ్రి గతించాడు. 1799 మే నెలలో టిప్పు సుల్తాను మరణించగా, ఆంగ్లేయులు జూన్ 30న ఈ ఐదేళ్ళ బాలుని మైసూరు సింహాసనంపై కూర్చుండబెట్టారు. రాణి లక్ష్మమ్మణ్ణి సంరక్షణలో, దివాను పూర్ణయ్య పరిపాలనలో రాజ్యం నడిచింది. నేటి కోలారు, పావగడ ప్రాంతాల తెలుగువారి పూర్వులు ఆ రాజ్యపు ప్రజలే.

1810 ప్రాంతంలో పాలనా భారం రాజు చేతికి వచ్చింది. ఆయన విద్యాప్రియుడు, దాత; కానీ ఖజానా నిలువలేదు. పన్నుల బాధ పెరిగింది. 1830లో నగర ప్రాంతపు రైతులు తిరుగుబాటు చేశారు. దానిని కారణంగా చూపి 1831లో గవర్నరు జనరల్ బెంటింక్ పరిపాలనను కంపెనీ వశం చేశాడు. అప్పటికి రాజుకు 37 ఏళ్ళు. బిరుదు, రాజభవనం, భరణం మిగిలాయి; అధికారం పోయింది.

రాజ్యం తిరిగి ఇమ్మని ఆయన ఏళ్ళ తరబడి విన్నవించుకున్నాడు. ఆ నిరీక్షణలో కాలాన్ని మాత్రం వృథా చేయలేదు. పండితులను, చిత్రకారులను చేరదీసి శ్రీతత్త్వనిధి అనే బృహద్గ్రంథాన్ని తయారు చేయించాడు. అందులో తొమ్మిది నిధులు. దేవతా స్వరూపాల వర్ణనలకు తోడు, చివరిదైన కౌతుకనిధిలో ఆటలకు చోటిచ్చాడు. చదరంగంలో గుర్రపు నడకతో అరవైనాలుగు గళ్ళనూ నింపే చిక్కులను కూడా ఆయన స్వయంగా కూర్చాడు.

మైసూరులో గంజీఫాను ఛద అన్నారు; సంస్కృతంలో ఛదమంటే ఆకు. కౌతుకనిధిలో ఇటువంటి పదమూడు ఆటలున్నాయి. చిన్నదానికి 36 ముక్కలు, పెద్దదానికి 360. ఇలవేల్పు పేరిట ఏర్పరచిన చాముండేశ్వరీ ఛదకు 320 ముక్కలు. నవగ్రహాలు, దిక్పాలకులు, పంచపాండవులు మరికొన్ని ఆటలలో కొలువు తీరారు. ఏ దేవతకు ఏ వర్ణం, ఏ ఆయుధం, ఏ వాహనం అన్నది తెలిస్తే గాని ముక్కను గుర్తించడం సాధ్యం కాదు. ఈ విధంగా ఆటగానికి ఆటే పాఠమయింది.

ఇంత క్లిష్టమైన ఆటలు రాజభవనం దాటి జనంలోకి అంతగా వెళ్ళలేదు. చవకైన అచ్చుముక్కలు వచ్చిన తరువాత వాటిని ఆడేవారు కరువయ్యారు. ఆట మరుగున పడినా చిత్రకళ నిలిచింది. మైసూరు గంజీఫాకు నేడు భౌగోళిక గుర్తింపు ఉంది. మహారాష్ట్రలోని సావంతవాడిలో, ఒడిశాలోని రఘురాజపురంలో కూడా ఆయా ప్రాంతాల సంప్రదాయ గంజీఫా ముక్కలను చేతితో చిత్రించే కుటుంబాలు ఉన్నాయి.

కృష్ణరాజు 1865లో చామరాజేంద్రుని దత్తత తీసుకున్నాడు. ఆ దత్తతకు ఆంగ్ల ప్రభుత్వపు అంగీకారం 1867లో లభించింది. మరుసటి ఏడాది మార్చి 27న ఆయన కన్నుమూశాడు. రాజ్యం దత్తపుత్రుని చేతికి 1881లో వచ్చింది. దానిని చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు. పేకాట వల్ల ఇల్లూ పొలమూ పోగొట్టుకున్నవారిని మనం చూస్తూనే ఉన్నాం. రాజ్యమే పోయిన ఈ ప్రభువు అవే ముక్కలలో తనకు తెలిసిన విద్యను భద్రపరచి పోయాడు.