తెలుగు నేల మీద ఎలక్ట్రానిక్స్‌కు పునాది వేసిన డాక్టర్ ఎ.ఎస్.రావు



మన హాస్టల్‌లో పదో తరగతి దాటి పాలిటెక్నిక్‌కో, ఇంజనీరింగ్‌కో వెళ్ళినవారిలో ఇ.సి.ఇ. బ్రాంచి తీసుకున్నవారు ఏటా ఉంటూనే ఉన్నారు. 1998లో మైలవరంలోనే ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాక ఆ చదువు మనకు మరీ దగ్గరైంది. ఆ బ్రాంచి పేరు చెప్పగానే ఉద్యోగం ఎక్కడ వస్తుందని అడుగుతారే గాని, ఈ విద్యను మన దేశంలో ఎవరు నిలబెట్టారని అడిగేవారు అరుదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి జీవితాన్ని నాలుగు ముక్కల్లో చెబుతున్నాను. లోకానికి ఆయన డాక్టర్ ఎ.ఎస్.రావు.

ఆయన 1914 సెప్టెంబరు 20న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం దగ్గర మోగల్లు గ్రామంలో జన్మించారు. అల్లూరి సీతారామరాజు గారి పూర్వీకుల ఊరు కూడా అదే. సాంబశివరావు గారు కాశీ వెళ్ళి బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్‌లో ఎం.ఎస్సీ. చేశారు. అక్కడే కొన్నేళ్ళు అధ్యాపకుడిగా పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా వెళ్ళి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆయన నేర్చుకున్నది వాల్వుల కాలపు చదువు. గాజు బుడ్డిలో ఫిలమెంటు వెలుగుతూ, చేయి పెడితే కాలేంత వేడిగా ఉండే వాక్యూం ట్యూబులే అప్పటి యాంప్లిఫయర్లు. ట్రాన్సిస్టర్‌ను అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1947 డిసెంబరులో కనిపెట్టారు. బయటి లోకానికి 1948లో గాని తెలియలేదు. అంటే ఆయన పట్టా తెచ్చుకున్న చదువులోని ముఖ్యమైన వస్తువే కొద్ది ఏళ్ళలో పాతబడిపోయింది. తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి, ఆపైన ఐ.సి.లు వచ్చాయి. ఉద్యోగంలో ఉంటూనే ఆ రెండింటినీ ఆయన మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. అయితే ఓమ్ సూత్రం, కిర్చాఫ్ నియమాలు, ఫీడ్‌బ్యాక్ మాత్రం పాతబడలేదు. మొదటి ఏడాది పుస్తకంలో మనకు విసుగనిపించేవి సరిగ్గా ఆ అధ్యాయాలే!

తిరిగి వచ్చాక ఆయన బొంబాయిలో హోమీ భాభా గారి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో చేరారు. అప్పుడు దేశంలో ఎలక్ట్రానిక్ పరికరం అంటే ఓడలో వచ్చేదే. పరిశోధనకు కౌంటరు కావాలన్నా, యురేనియం ఖనిజం వెతకడానికి గైగర్ కౌంటరు కావాలన్నా విదేశాల వైపు చూడాలి. అది చెడిపోతే బాగుచేసేవాడు కూడా దొరకడు. అటువంటి స్థితిలో రావు గారి బృందం ఆ పరికరాలను బొంబాయిలోనే తయారు చేయడానికి పూనుకుంది.

గైగర్ కౌంటరులో ఏముంటుందో చూద్దాం. ట్యూబుకు కొన్ని వందల వోల్టులు ఇస్తారు. రేడియేషన్ కణం లోపలికి వచ్చినప్పుడల్లా ఒక పల్సు పుడుతుంది. పల్సులు గబగబా వస్తుంటే మెకానికల్ మీటరు అంత వేగంగా తిరగలేదు. అందుకని మధ్యలో ఫ్లిప్‌ఫ్లాప్‌లు పెడతారు. ఒక్కొక్క ఫ్లిప్‌ఫ్లాప్ వచ్చిన పల్సుల సంఖ్యను సగం చేస్తుంది. ఆరింటిని వరుసగా కలిపితే 64 పల్సులకు ఒక్కటి బయటికి వస్తుంది. డిజిటల్ ల్యాబ్‌లో మీరు చేసే కౌంటర్ ప్రయోగం ఇదే కదా! వాల్వులతో చేసినా, ఐ.సి.తో చేసినా లోపలి ఆలోచన ఒకటే.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ పని మొదలుపెట్టింది. సోవియట్ యూనియన్‌ను మినహాయిస్తే ఆసియా ఖండంలో అదే మొదటిది. ఇంధనం ఇంగ్లండు నుంచి వచ్చింది. కట్టింది మనవాళ్ళు. దాని కంట్రోల్ వ్యవస్థను తయారుచేసింది రావు గారి ఎలక్ట్రానిక్స్ బృందం. రియాక్టర్ గోడలు, నీళ్ళు చూసేవారికి కనపడతాయి, ఈ పని కనపడదు. లోపల న్యూట్రాన్లు ఎన్ని ఉన్నాయో డిటెక్టర్ చాలా చిన్న కరెంటు రూపంలో చెబుతుంది. దాన్ని యాంప్లిఫయర్ పెంచాలి. ముందుగా పెట్టిన హద్దుతో పోల్చాలి. హద్దు దాటితే న్యూట్రాన్లను పీల్చే పలకలు వెంటనే లోపలికి దిగిపోవాలి. ఈ పని తప్పు జరగకుండా చేయడానికి ఇలాంటి రియాక్టర్లలో ఒక డిటెక్టర్‌ను నమ్మరు. మూడు పెట్టి, రెండు ఒప్పుకుంటే ఆపేస్తారు. ఎ.బి, బి.సి, సి.ఎ అని మూడు యాండ్ గేట్లు, ఒక ఆర్ గేటు. సెమిస్టర్ పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న! ఒక ఊరి ప్రాణం దాని మీద ఆధారపడి ఉంటుందని ప్రశ్నపత్రంలో రాయరు.

తమ్ముళ్ళతో ఒక మాట ఇక్కడే చెప్పాలి. మన హాస్టళ్ళ నుంచి వెళ్ళిన పిల్లలం మొదటి ఏడాది ల్యాబ్‌లో ఎలా ఉంటామో నాకు తెలుసు. బ్యాచికి నలుగురు. ఇంట్లో కంప్యూటర్ చూసి వచ్చిన కుర్రాడు బ్రెడ్‌బోర్డు ముందు కూర్చుంటాడు. మనం పక్కన నిలబడి రీడింగులు రాసుకుంటాం. ఏదైనా కాలిపోతే డబ్బు కట్టమంటారేమోనని భయం. రికార్డు చక్కగా ఉంటుంది, మార్కులూ వస్తాయి. ఇంటర్వ్యూలో ఎల్.ఇ.డి.కి రెసిస్టర్ ఎందుకు పెడతారని అడిగితే మాత్రం నోరు పెగలదు. ఒక బ్రెడ్‌బోర్డు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, నాలుగు ట్రాన్సిస్టర్లు, గుప్పెడు రెసిస్టర్లు పెద్ద ఖర్చు కాదు. మన పూర్వ విద్యార్థుల సంఘం హాస్టల్‌కు ఫ్యాన్లు, ప్లేట్లు కొని ఇస్తున్నది, సంతోషమే. వచ్చే ఏడాది ఇవి కూడా కొనిస్తే బాగుంటుందని నా మనవి.

1963 ఆగస్టులో, చైనా యుద్ధం జరిగిన మరుసటి ఏడాది, ప్రభుత్వం ఎలక్ట్రానిక్స్ మీద ఒక కమిటీ వేసింది. అధ్యక్షుడు భాభా గారు. సభ్యులు విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఎ.ఎస్.రావు గార్లు. నలుగురిలో ఇద్దరు తెలుగువారు! పైగా భగవంతం గారిది మనకు దగ్గరలోని ఆగిరిపల్లి. 1966 జనవరి 24న విమాన ప్రమాదంలో భాభా గారు మరణించారు. పని మాత్రం ఆగలేదు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే మన ఇ.సి.ఐ.ఎల్., పుట్టింది. ట్రాంబేలో చేతితో చేసిన పరికరాలను ఇక ఫ్యాక్టరీలో చేయాలి. ఆ బాధ్యత రావు గారిదే.

ట్రాంబేలో 1969 నాటికి రూపొందిన టి.డి.సి.-12 అనే పన్నెండు బిట్ల కంప్యూటర్‌ను ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసి అమ్మింది. ఇ.సి. టి.వి.లు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. వీటన్నిటికంటే నాకు గొప్పగా తోచేది మరొకటి. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టి.వి. కార్యక్రమాలు చూపించారు. మన రాష్ట్రం కూడా అందులో ఉంది. ఊరుమ్మడిగా చూసే ఆ సెట్లు ఇ.సి.ఐ.ఎల్. చేసినవే. యాంటెన్నా ఏమిటనుకున్నారు? కోళ్ళ గూటికి వాడే వైరు జాలీతో చేసిన పది అడుగుల గొడుగు!

అన్నీ అనుకున్నట్టే జరిగాయని చెప్పను. తరువాతి కాలంలో టి.వి.ల మార్కెట్టు ప్రైవేటు కంపెనీలకు పోయింది. చిప్పులలో ఎక్కువ భాగాన్ని మనం నేటికీ దిగుమతి చేసుకుంటున్నాం. ఐతే ఓటు వేసే యంత్రాన్ని 1979లో తయారుచేసి చూపింది ఆ సంస్థే. నేటికీ మన పోలింగ్ బూతుల్లోకి వచ్చే యంత్రాలు ఇ.సి.ఐ.ఎల్., బెంగుళూరు బి.ఇ.ఎల్. చేసేవే.

రావు గారికి 1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ వచ్చాయి. 2003 అక్టోబరు 31న కన్నుమూశారు. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. దగ్గరి కాలనీకి ఎ.ఎస్.రావు నగర్ అని పేరు పెట్టారు. కోచింగ్‌కో, ఉద్యోగానికో సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగే మనవాళ్ళకు ఆ దారిన వెళ్ళే సిటీబస్సుల మీద ఆ పేరు కనిపిస్తుంది.