కరెంటు చికిత్సకు ఆద్యుడు.. చెర్లెట్టి

సినిమాల్లో చూసి కరెంటు షాక్ అంటే హడలిపోయేవారు ఇప్పటికీ ఉన్నారు. మానసిక రోగులకు ఆ చికిత్స మొదలుపెట్టింది ఇటలీ డాక్టరు ఉగో చెర్లెట్టి. 1877లో కొనెల్యానోలో పుట్టిన ఆయన జర్మనీలో క్రెపెలిన్, అల్జీమర్ వంటి ఉద్దండుల దగ్గర మెదడు గురించి నేర్చుకున్నారు. 1935లో రోమ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు.

ఫిట్స్ తెప్పిస్తే స్కిజోఫ్రీనియా తగ్గుతుందని హంగరీ డాక్టరు మెదూనా 1934లో కర్పూరం మందుతో ప్రయత్నించారు. తర్వాత మెట్రజాల్ సూది వచ్చింది. సూది వేశాక ఫిట్స్ వచ్చేలోగా రోగులు భయంతో అల్లాడిపోయేవారు. కరెంటుతోనైతే స్పృహ వెంటనే పోతుంది. కానీ ప్రాణం పోతే? కుక్కల మీద ప్రయోగిస్తే కరెంటు గుండె గుండా వెళ్లి చాలా చచ్చిపోయాయి. రోమ్ కబేళాలో పందుల తలకు కరెంటు పెడితే మాత్రం అవి ఫిట్స్‌తో పడిపోయి, కోయకుండా వదిలేస్తే మళ్లీ లేచేవి. దాంతో చెర్లెట్టికి ధైర్యం వచ్చింది. శిష్యుడు బీని యంత్రం తయారుచేశాడు.

1938 ఏప్రిల్‌లో రోమ్ రైల్వేస్టేషన్‌లో దొరికిన ఓ మతిచలించిన వ్యక్తికి తొలి షాక్ ఇచ్చారు. అది చాలలేదు. ఇంకోటి వద్దని అతను స్పష్టంగానే చెప్పాడు. అయినా ఇచ్చారు. కొన్ని వారాలకు కోలుకుని ఇంటికెళ్లాడు. తర్వాత జబ్బు లక్షణాలు తిరిగొచ్చాయి.

షాక్‌తో మెదడు కణాలు ఒక్కసారిగా ఒకే లయలో స్పందిస్తాయి. ఈఈజీ గీతలు ముందు దగ్గర దగ్గరగా ఎగసి, తర్వాత నిదానించి, చివరికి దాదాపు చదునవుతాయి. అంటే ఆ అలజడిని మెదడే అణచుకుంటుందన్నమాట. కోర్సు అయ్యాక కొన్నాళ్లు తరంగాలు నెమ్మదిగా ఉండి, మళ్లీ మామూలవుతాయి. కొంత మతిమరుపు రావచ్చు. వీటిలో ఏ మార్పు వల్ల స్కిజోఫ్రీనియా తగ్గుతోందో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు.

షాక్ తగిలిన మెదడులో రక్షణనిచ్చే పదార్థం పుడుతుందని చెర్లెట్టి నమ్మారు. దాన్నే సూదిమందుగా ఇచ్చి షాక్ అవసరం లేకుండా చేయాలని ఏళ్ల తరబడి శ్రమించారు. అది ఫలించలేదు. 1963లో రోమ్‌లో కన్నుమూశారు.

సరిహద్దు జిల్లాల మనవాళ్లు వెళ్లే బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ ఈ చికిత్స ఉంది. స్కిజోఫ్రీనియాలో ముఖ్యంగా మందులకు లొంగనప్పుడు, మందులతో పాటే ఇస్తారు. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా షాక్ పెట్టడాన్ని 2017 చట్టం నిషేధించింది. అత్యవసర వైద్యం పేరుతోనూ ఇవ్వకూడదు. తొలి రోగి మాట ఎవరూ వినలేదు. ఇప్పుడు చికిత్సకు ముందు అన్నీ వివరించి సమ్మతి తీసుకోవాల్సిందే. అడిగి తెలుసుకోవడం రోగికి, ఇంటివాళ్లకు ఉన్న హక్కు.