జార్జి ముల్లరు జీవితము

జార్జి ముల్లరు 1805వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదిని ప్రష్యాదేశమందలి క్రొప్పెన్‌స్టెట్టు గ్రామమున జన్మించెను. తండ్రి సుంకము వసూలుచేయు నుద్యోగి. బాల్యముననే యీతఁడు తండ్రియొద్దనున్న సర్కారుసొమ్మును దొంగిలించుచుండెను. 16వ యేట పూటకూళ్లయిండ్లకు సొమ్ము చెల్లింపక చెఱసాల చూచెను. ఇట్టివాఁడే మతగురువగుటకై హాలీ విశ్వవిద్యాలయమునఁ జేరెను. గురుత్వమును జీవనోపాధిగా నెంచు తండ్రులు మనదేశముననే కాదు, అచ్చటను గలరు.

1825లో నొక సాయంకాలము స్నేహితునితోఁగూడి యొక గృహస్థునింటఁ బ్రార్థనకుఁ బోయి, అచ్చట నొకఁడు మోఁకాళ్లూని యీశ్వరునిఁ బ్రార్థించుట చూచెను. మతశాస్త్రవిద్యార్థియయ్యు నాతఁ డట్టి దృశ్యము నదివఱ కెన్నఁడును జూచి యెఱుంగఁడు. నాఁటినుండి యాతని నడవడి మాఱెను.

1829లో నింగ్లాండు చేరి, మఱుసటి సంవత్సరము టిన్‌మతునందు సంఘోపదేశకుఁడై, నియతమైన జీతమును వదలుకొనెను. ధనికులు సొమ్మిచ్చి మంచి పీటలు గైకొనుటయు, బీదలు వెనుకఁ గూర్చుండుటయు దేవమందిరమునకుఁ దగదని యాతని యభిప్రాయము. మందిరమున నొక పెట్టె నుంచి, దానిలో నెవరేమి వేసిరో దానితోనే కాలము గడపెను. ఆ యేఁటనే యాతఁడు వివాహమాడిన మేరీ, ఆంటొని నారిస్ గ్రోవ్సుగారి సోదరి. గోదావరీప్రాంతమునఁ బనిచేసిన బౌడెను, బీరు అను బోధకులను 1836లో హిందూదేశమునకుఁ దోడ్కొనివచ్చిన గ్రోవ్సుగా రీయనయే.

ఆ 1836వ సంవత్సరముననే ముల్లరు బ్రిస్టలునందు, విల్సను వీథిలో, ఒక యద్దెయింట ననాథబాలికలఁ జేర్చుకొనెను. 1849లో నాష్లీడౌనునందు 300 మందికిఁ దగిన మందిరము వెలసెను. 1870 నాఁటికి మందిరము లైదై, రెండువేలమందికిఁ బైగా శిశువులకుఁ జోటు గలిగెను. ఎవ్వరిని యాచింపలేదు, అప్పు చేయలేదు. 1838లోఁ జేతిసొమ్మంతయుఁ దఱిగిపోయిన దినములు గలవు. అప్పుడు తోడిపనివారు తమ సొంతసొమ్మిచ్చి పూట గడపిరి.

ఏటేఁటఁ బ్రకటించిన వృత్తాంతపత్రికలే యాచన యని యాక్షేపించినవారు గలరు. ఈ యాక్షేపము కేవలము త్రోసివేయఁదగినది కాదు. అయినను 1841వ సంవత్సరాంతమున మిక్కిలి లేమి గలిగినపుడు, పత్రికను బ్రకటించిన సాయము దొరకునని యెఱింగియు, అందులకే దానిని గొన్నిమాసము లాపివైచెను. క్రీస్తును నీశ్వరునిగాఁ గొలుచుటయందు మేము ముల్లరుతో నేకీభవింపము; అన్నవస్త్రములకై ప్రార్థించుట యుక్తమా యను సంశయమును మాకుఁ గలదు. కాని కార్యనిర్ణయమున నాతఁ డవలంబించిన పద్ధతి మాకుఁ బూజ్యము. మొదట నా విషయమునఁ దన కిష్టానిష్టములు లేకుండ మనస్సును శూన్యము చేసికొనును. క్షణికమైన యావేశమును నమ్మఁడు. శాస్త్రమును, కాలస్థితులను విచారించి, ప్రార్థించి, పలుమాఱు ప్రార్థించినపిమ్మటను మనశ్శాంతి చెదరకున్ననే పనికిఁ బూనుకొనును. మనలో ననేకులు ముందు నిశ్చయించుకొని పిమ్మట నీశ్వరుని సమ్మతి యడుగుచున్నాము!

1875 మొదలు 1892 వఱకు ననేకదేశములు సంచరించెను, హిందూదేశమునకును వచ్చెను. 1898వ సంవత్సరము మార్చి 10వ తేదిని, 92 యేండ్ల ప్రాయమున, బ్రిస్టలునందే దేహము చాలించెను. పదివేలమంది యనాథలు ఆతని యాశ్రయమునఁ బెరిగిరి. ఆతని చేతిమీఁదుగా వ్యయమైన ధనము పదునాలుగు లక్షల పౌనులకుఁ బైమాట. తనకై మిగిల్చికొన్నది, గ్రంథములును సామానును గూడఁ గలిపి, రెండువందల పౌనులకు లోఁబడినదే.